జోడు లేని నలికిరి

"రోడ్డు మీద నిద్రమొద్దు లేదు. నేను చూసుకోలేదని కాదు. అసలు లేదు."

టామ్సిన్ పాస్కో ఈ మాట ఎన్నోసారి అంటోందో సార్జంట్ రోవీనా లెక్కపెట్టడం మానేసింది. ఆసుపత్రి మంచం మీద పదిహేడేళ్ల పిల్ల. ఎడమచేతికి కట్టు, కనుబొమ్మ మీద కుట్లు. ఒళ్లో పళ్లెంలో టోస్టు ముక్కలు అట్టముక్కల్లా ఎండిపోయాయి. ఎవరో తెచ్చిన పూలగుత్తి కాగితం కూడా విప్పకుండా కిటికీ దగ్గర వాడిపోతోంది.

"మళ్లీ మొదట్నుంచి చెప్పమ్మా," అంది రోవీనా. "నమ్మక అడగడం లేదు. చెబుతుంటే ఏదో ఒకటి గుర్తొస్తుంది."

"పొద్దున్నే బయల్దేరాం. గడ్డి మీద మంచు ఇంకా తెల్లగానే ఉంది. అమ్మ నన్నే నడపమంది, డ్రైవింగు పరీక్ష దగ్గర పడుతోందని. వాగు రోడ్డు మీద వెనకాల ఒక యూట్ వచ్చింది, ఆ తొట్టి బండి. తెల్లది. ముందర ఇనపకడ్డీల బంపరు. దాటిపోతుందని నేను పక్కకి తీశాను. పోలేదు. వచ్చి గుద్దింది. మలుపు దాకా మమ్మల్ని నెట్టుకుంటూనే వచ్చింది."

"నడిపేవాణ్ణి చూశావా?"

"నేను రోడ్డే చూస్తున్నాను. అమ్మ వెనక్కి తిరిగి చూసింది. 'వీడా!' అంది. అంతే, ఇంకేం అనలేదు."

ఆ తర్వాత కారు దొర్లి గమ్ చెట్టును గుద్దుకుంది. ఇలేన్ పాస్కో అక్కడికక్కడే పోయింది. కారు వెనకాల, రోడ్డు మధ్యలో, టైరు కింద పడి చితికిన నిద్రమొద్దు అనే నలికిరి ఒకటి కనిపించింది. ఊరికి అది చాలు. వసంతం వచ్చిందంటే ఈ విరలీ ఊరి చుట్టుపక్కల రోడ్లన్నీ వాటివే. పైన్ చెట్టు కాయలాంటి పొలుసులు, తలేదో తోకేదో తెలియని మొద్దు ఒళ్లు, కోపమొస్తే నోరు తెరిచి చూపించే నీలి నాలుక. గోధుమ లారీల వాళ్లు కూడా బండి ఆపి, దిగి, దాన్ని రెండు చేతులా ఎత్తి, అది ఎటు మొహం పెట్టిందో అటే దింపి మరీ పోతారు. అలాంటి ఊళ్లో, పైగా వన్యప్రాణి శాఖలో పనిచేసే ఇలేన్ కూతురు, దాన్ని తప్పించబోయి స్టీరింగు తిప్పేసిందంటే ఎవరికి అనుమానం వస్తుంది? పాపం పిల్ల, పాపం పిల్ల అంటూ జాలిపడి జాలిపడి, ఆ జాలితోనే ఊరు ఆ పిల్లను తల్లిని చంపినదాన్ని చేసేసింది.

"మేడమ్," అంది టామ్సిన్, గొంతు తగ్గించి. "అందరూ ఉందంటుంటే ఉందేమో అనిపిస్తోంది. నిన్నటిదాకా కళ్లు మూసుకుంటే ఖాళీ రోడ్డే కనబడేది. ఇవాళ అది కూడా కనబడుతోంది. అక్కడే కూచుని నా వంక చూస్తోంది. నేనే చంపానా?"

రోవీనా జవాబు చెప్పేలోపు తలుపు తెరుచుకుంది. ఇన్‌స్పెక్టర్ గ్రాంట్ లవెల్, అడిలైడ్ నుంచి వచ్చినవాడు, చేతిలో కాఫీ కప్పుతో లోపలికొచ్చాడు. నలగని కోటు. పిల్ల వంక నవ్వుతూ చూశాడు. పిల్లలంటే ఇష్టమున్నవాడి నవ్వులాగే ఉంది అది.

"పరామర్శ అయిందా సార్జంట్?"

"వాంగ్మూలం తీసుకుంటున్నాను సార్. వెనకాల తెల్ల యూట్ వచ్చి గుద్దిందంటోంది."

"ఈ జిల్లాలో తెల్ల యూట్ లేనిదెవరికి? మీ చర్చి పాస్టరుకి కూడా ఉంది."

"కారు వెనక బంపరు లోపలికి పోయింది."

"దొర్లిన కారుకి లోపలికి పోని చోటు ఏదో చూపించు." లవెల్ కాఫీ ఒక గుక్క తాగాడు. "చూడు, ఈ పిల్ల మీద నాకు కక్షేం లేదు. తప్పు ఒప్పుకుంటే కోర్టు కూడా జాలి చూపిస్తుంది. లేని బండిని సృష్టిస్తే మాత్రం చూపించదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేనే నా కార్లో అడిలైడ్ తీసుకెళ్తాను. సాయంత్రానికి కేసు నమోదు."

"అందాకా నేను ఆ చోటు చూసొస్తాను."

"వెళ్లు. రాళ్లూ రప్పలూ బాగుంటాయి అక్కడ."

టామ్సిన్ ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. రోవీనా ఆమె పాదం మీద దుప్పటి సర్ది బయటికి నడిచింది. అంతకన్నా ఏం మాటిచ్చినా అబద్ధమే అవుతుంది.

*

వాగు రోడ్డు కంకర రోడ్డు. మలుపు దగ్గర గమ్ చెట్టు బెరడు చిరిగి లోపలి తెల్లటి కండ కనిపిస్తోంది. రోడ్డు పక్క పాలసీసాల క్రేటు ఒకటి బోర్లించి, గాలికి ఎగరకుండా పైన రాయి పెట్టి ఉంది. కింద ఉన్న చచ్చిన నిద్రమొద్దును కాకులు ఎత్తుకుపోకుండా కాపాడమని లవెల్ చెప్పాడట. అంత చిన్న సాక్ష్యం మీద అంత శ్రద్ధ ఎందుకా అని రోవీనా అప్పుడే అనుకుంది.

క్రేటు ఎత్తలేదు. ముందు దాని చుట్టూ తిరిగింది. తర్వాత ఇంకాస్త పెద్ద చుట్టు తిరిగింది. ఉప్పుపొదల కింద వంగి చూసింది. కంచె దాటి, పడిపోయిన దుంగల సందుల్లో, కుందేటి బొరియల నోళ్ల దగ్గర వెతికింది. మోకాళ్ల నిండా ముళ్లు గుచ్చుకున్నాయి. ఏమీ లేదు.

అప్పుడు వచ్చి క్రేటు ఎత్తింది. కింద ఉన్నది ఆడ నిద్రమొద్దు. నడుము మీదుగా టైరు ఎక్కింది. చీమలు వాటి పని అవి చేసుకుపోయాయి. రోవీనా జేబులోంచి పెన్ను తీసి శవాన్ని పక్కకి నెట్టింది. కింద కంకర పొడిగా, శుభ్రంగా ఉంది. మరక లేదు.

వెనకాల కారు ఆగిన చప్పుడైంది. లవెల్ దిగి, బూట్లకు దుమ్మంటకుండా చూసుకుంటూ వచ్చాడు.

"పోస్టుమార్టమా?" అన్నాడు.

"నెత్తురు లేదు సార్ కింద."

"మూడ్రోజులైంది. చీమలు ప్లేటు కూడా నాకేస్తాయి."

"మంచు పడ్డ పొద్దున ఇది రోడ్డు మీదికి ఎలా వచ్చింది? ఒంట్లో వేడి లేకపోతే ఇవి కాలు కదపలేవు. ఎండెక్కేదాకా పొద కిందే పడుంటాయి."

"ముందు రోజు సాయంత్రం వచ్చి, చలికి కొయ్యబారి రోడ్డు మీదే ఉండిపోయిందేమో. కోర్టులో ఏ కుర్ర లాయరైనా అంటాడు ఈ మాట."

నిజమే, అంటాడు. రోవీనా ఒప్పుకుంది. "సరే. మరి దీని మొగుడేడీ?"

"ఏమిటీ?"

"ఇది సెప్టెంబరు సార్, వసంతం. ఈ నెలలో ఇవి ఒంటరిగా తిరగవు. ప్రతి ఏడూ అదే మగది వెతుక్కుంటూ వచ్చి అదే ఆడదాంతో తిరుగుతుంది. ఆడది చస్తే మగది వదిలిపోదు. పక్కనే కూచుంటుంది, నాలుకతో తాకి చూస్తుంది, లేపబోతుంది. రోజుల తరబడి. ఇక్కడ చుట్టూతా వెతికాను. జాడ లేదు."

లవెల్ పగలబడి నవ్వాడు. "శభాష్. జడ్జిగారి ముందు బోనులో బల్లి మొగుణ్ణి నిలబెడదాం. ప్రమాణం చేయించేటప్పుడు బైబిల్ మీద ఏ కాలు పెడుతుందో అడిగి చెప్పు."

"బల్లి కాదు సార్, నలికిరి."

"ఏదో ఒకటి. విధురుడు ఇంకో పెళ్లి చేసుకుని ఉంటాడు. మగవాళ్లం, మా సంగతి నాకు తెలుసు." నవ్వు ఆపి గొంతు మార్చాడు. "ఇలేన్ నీ స్నేహితురాలు. బాధ అర్థమవుతుంది. దాని కోసం కేసు సాగదీయకు."

"ఇలేన్ సాక్సుల కేసు చూస్తోంది కదా. ఈ జీవాల్ని సాక్సుల్లో దూర్చి, టేపు చుట్టి, బొమ్మల పార్సిళ్లలో విదేశాలకి పంపేవాళ్ల కేసు. వీటిని పట్టి వాళ్లకి అందిస్తున్నదెవరో తెలిసిపోయిందని పోయినవారమే నాతో అంది. పేరు మాత్రం చెప్పలేదు."

"ఆ కేసు నాకూ ఆవిడకీ మధ్యది. నీది కాదు."

ఆ మాటకి రోవీనాకి ఒళ్లు మండింది. మండబట్టే, చెప్పకూడని మాట చెప్పేసింది. శవం తలను వేళ్లతో ఎత్తి, చెవి రంధ్రంలోంచి రక్తం తాగి ఉబ్బిన గోమారి పురుగును గోళ్లతో పీకి అరచేతిలో పెట్టి చూపించింది.

"మా నాన్న గొర్రెల ఫారం ఇక్కడికి దగ్గర్లోనే. చిన్నప్పుడు మా అక్కచెల్లెళ్ల సెలవులన్నీ ఈ నిద్రమొద్దుల చెవుల్లో ఇవి పీకడానికే సరిపోయేవి. పాత రైలుకట్టకి ఉత్తరాన ఉన్నవాటికి పట్టే గోమారికి అంచు చుట్టూ తెల్ల గీత ఉంటుంది. దక్షిణాన పట్టేది ఇదిగో, ఇలా ఒట్టి మట్టిరంగు. ఒకదాని నేల మీద ఇంకొకటి బతకదు. ఇప్పుడు మనం నిలబడ్డది ఉత్తరాన సార్. ఇది నడిచి రాలేదు. ఎవరో చచ్చినదాన్ని తెచ్చి ఇక్కడ పడేశారు."

లవెల్ అరచేతిలోకి వంగి చూశాడు. అవసరమైన దానికన్నా ఎక్కువసేపే చూశాడు. ఈసారి నవ్వలేదు.

"ఇది ఇంకెవరికైనా చెప్పావా?"

"ఇప్పుడే కదా చూసింది."

"మంచిది. సీసాలో వేసి భద్రంగా ఉంచు. ల్యాబుకి నేను పంపిస్తాను." గడియారం చూసుకున్నాడు. "నేను ఊళ్లోకి పోతున్నాను."

అతని కారు రేపిన దుమ్ము అణిగేదాకా రోవీనా నిలబడింది. మొదటిసారి తన మాట నెగ్గినట్టనిపించింది. రైలుకట్టకు దక్షిణాన ఉండేవాడు, ఆ పొద్దున ఈ రోడ్డు మీదికి వచ్చినవాడు, ఆమెకు తెలిసినంతలో ఒక్కడే ఉన్నాడు. ప్రమాదం చూశానని పోలీసులకు మొట్టమొదట ఫోన్ చేసిన రైతు వారెన్ జారెట్.

*

జారెట్ ఇంట్లో అతని భార్య నోరీన్ ఒక్కతే ఉంది. వంటింట్లో స్కోన్ల రొట్టెలు కాలుతున్న వాసన. మోచేతుల దాకా పిండి.

"రా అమ్మాయ్, రా. మా ఆయన సంతకెళ్లాడు, సాయంత్రానికి గాని రాడు. టీ పెడతా, కూచో. ఆ పాస్కో పిల్ల ఎలా ఉంది? పాపం, తిండి తింటోందా?"

"తినడం లేదండీ."

"ఎలా తింటుంది? నేను ఫ్రూట్ కేకు చేసి పంపిద్దామంటే మా ఆయన వద్దన్నాడు. మనకెందుకన్నాడు. చూసి ఫోన్ చేసిన మనకి కాకపోతే ఇంకెవరికి అనుకున్నా."

రోవీనా కుర్చీ లాక్కుంది. వంటింటి పక్క బట్టలుతికే గది తలుపు తెరిచే ఉంది. వాషింగ్ మెషీను మీద దారం కూడా తెంచని మగవాళ్ల సాక్సుల కట్టలు దొంతరగా ఉన్నాయి. ఆమె వాటి వంకే చూస్తూ ఉండిపోయింది.

"ఇన్నేం చేసుకుంటారండీ?"

"అడక్కు. ఈ ఇంట్లో సాక్సులకి కాళ్లొచ్చి నడిచిపోతాయి. కొన్నవి కొన్నట్టే మాయం. ఉన్ని కత్తిరించే కూలీలకట. కత్తిరింపు అయిపోయి ఎన్నాళ్లయింది! ఏమన్నా అంటే నీకెందుకంటాడు. ముప్ఫయ్యేళ్ల కాపురంలో నేను ఎక్కువ విన్న మాట అదే." నవ్వింది నోరీన్. స్ట్రాబెర్రీ ఒకటి తీసి, ముక్కలు కోసి, సాసర్లో వేసింది. "ఉండు, ఆ ముసలాడికి ఇది పెట్టొస్తా. నిన్నట్నుంచీ ముట్టడం లేదు."

"ఏ ముసలాడు?"

"రా, నువ్వే చూద్దువు గాని."

పెరట్లో షెడ్డుకీ ఇంటికీ మధ్య, టైరు గుర్తుల మీద, నిద్రమొద్దు ఒకటి కూచుని ఉంది. పెద్దది, మగది. మనుషుల అలికిడికి నోరు తెరిచి, ముదురు నీలం నాలుక చాపి బుస్సుమంది. కదల్లేదు. నోరీన్ ఏప్రన్ వెనక్కి మడుచుకుని గొంతుక్కూచుని, సాసరు దాని ముందుకు జరిపింది.

"ఏళ్ల తరబడి మా పెరట్లోనే తిరిగేవాళ్లు ఇద్దరూ. ఈయన ముందు, ఆవిడ వెనక. పోయినవారం మా ఆయన బండి వెనక్కి తీస్తూ ఆవిడ మీదికి ఎక్కించేశాడు. అప్పట్నుంచీ ఇదిగో, ఇక్కడే. చీకటి పడితే షెడ్డు కిందికి పోతాడు, ఎండెక్కితే మళ్లీ వస్తాడు. ఆవిడ్ని పాతిపెట్టేశామన్నా ఈయనకి నమ్మకం కుదరడం లేదు."

"మీరే పాతారా?"

"ఎక్కడ పాతనిచ్చాడు! నేనే పాతేస్తాలే అని పారమీద ఎత్తుకుపోయి బండి తొట్లో వేశాడు."

"ఎప్పుడండీ ఇది?"

"గురువారం సాయంత్రం."

ఇలేన్ చచ్చిపోయింది శుక్రవారం పొద్దున. రోవీనా ఆ మాట పైకి అనలేదు. అనకుండానే సాసరు జరుపుతున్న నోరీన్ చెయ్యి ఆగిపోయింది. ఆమె ఆ మగ నలికిరి వంక చూసింది. తర్వాత లేచి, వంటింట్లోకి నడిచి, పొయ్యి ఆపింది. స్కోన్లు అడుగంటాయి. వాటిని తీయలేదు. కుళాయి కింద చేతులు కడుక్కుంది, పిండి పోయాక కూడా కడుక్కుంటూనే ఉంది.

"ఆ రోడ్డు మీద దొరికింది ఆడదేనా?" అంది, గోడ వంక తిరిగే.

"అవునండీ."

"ఆ పిల్లకి ఎన్నేళ్లు?"

"పదిహేడు. తల్లిని తనే చంపాననుకోవడం మొదలుపెట్టింది ఇవాళ్టినుంచి."

కుళాయి కట్టేసింది నోరీన్. రోవీనా తొందరపెట్టలేదు. ముప్ఫయ్యేళ్ల కాపురాన్ని ఒక ఆడది ఎక్కడ మడతపెట్టాలో వెతుక్కుంటున్నప్పుడు పక్కనున్నవాళ్లు చెయ్యగలిగిందేమీ లేదు.

"చీకట్లో కనబళ్లేదన్నాడు నాతో," అంది చివరికి. "నేనూ సరేనన్నాను. కానీ అప్పటికింకా ఎండ ఉంది. నేను బట్టలు తీస్తున్నాను. వాళ్లిద్దరూ వరండాలో కూచుని బీరు తాగుతున్నారు. ఆయన అడిగాడు, ఖాళీ రోడ్డు మీద మీ ఊరివాళ్ల చేత స్టీరింగు తిప్పించాలంటే ఏం అడ్డం పెట్టాలి అని. మా ఆయన నవ్వాడు. నిద్రమొద్దు చాలన్నాడు. ఇద్దరూ లేచారు. తర్వాత బండి స్టార్టయింది."

"ఇద్దరూ అంటున్నారు. రెండోవాడెవరు నోరీన్ గారూ?"

"గ్రాంటు. వేటకని వస్తుంటాడు కదా నెల నెలా, సిటీ నుంచి. నా చేతి మీట్-పై అంటే ఇష్టం. బూట్లకి దుమ్మంటుకుంటే చచ్చే మనిషి. ఆ రాత్రి ఆ చచ్చిన జీవం కోసం నేను ఏడుస్తుంటే, ఏడవకండి, ఆవిడ ఊరికే పోలేదు అన్నాడు. ఓదార్పనుకున్నాను." ఆమె ఇటు తిరిగింది. "పోలీసులో పెద్ద ఉద్యోగమట. నీకు తెలిసే ఉంటుంది. లవెల్."

రోవీనా జేబులోంచి సీసా తీసింది. అడుగున మట్టిరంగు గోమారి. *ఇంకెవరికైనా చెప్పావా?* అతను దాని వంక ఎంతసేపు చూశాడో, చూసి గడియారం వంక ఎలా తిరిగాడో ఆమెకు ఇప్పుడు కనిపించింది. తనే చెప్పింది. గెలిచానన్న సంబరంలో, అరచేతిలో పెట్టి మరీ చూపించింది.

నోరీన్ గోడ మీది ఫోను తీసి ఇచ్చింది. రోవీనా ఆసుపత్రి నంబరు నొక్కింది. నర్సు బెరిల్ ఎత్తింది.

"టామ్సిన్‌ని గదిలోంచి కదలనివ్వద్దు. నేను వస్తున్నాను. ఎవరు అడిగినా..."

"అయ్యో రోవీనా, ఇప్పుడే కదా వెళ్లారు! భోజనం కూడా పెట్టనివ్వలేదు ఆ ఇన్‌స్పెక్టరు, దార్లో తింటుందిలే అన్నాడు. హైవే మీద కాదట, వాగు రోడ్డున పోతారట, చోటు చూస్తే పిల్లకి అంతా గుర్తొస్తుందని. మంచి మనిషిలా ఉన్నాడు. పిల్ల స్వెట్టరు మర్చిపోతే నేను కారు దాకా పరిగెత్తి ఇవ్వబోయాను. చలి కదా. తీసుకోలేదు. ఇంక అవసరం పడదులే అన్నాడు. కార్లో హీటరుందేమో."